కొన్న మిద్దెలోని పాత దోషం

ఇల్లు చేతులు మారినప్పుడు దానితోపాటు ఇంకేమేమి చేతులు మారతాయన్న ప్రశ్నకు దస్తావేజు ఇచ్చే జవాబు పొట్టిది. నాలుగు చెక్కుబందీలు, విస్తీర్ణం, కట్టడం వివరం, దారి హక్కు, ఇకమీదట ఈ ఆస్తిలో తనకు గాని తన వారసులకు గాని ఏ హక్కూ లేదని అమ్మినవాడు రాసి ఇచ్చే మాట, వీటితో పత్రం ముగుస్తుంది. కట్టేటప్పుడు వదలవలసిన పక్కఖాళీ వదిలారా, మెట్లు ఎంత వెడల్పున పెట్టారు, కరెంటు మీటర్లు ఎక్కడ బిగించారు అన్న సంగతులు అందులో ఉండవు. కొన్న కొద్ది నెలలకు అగ్నిమాపక శాఖ నుంచో పురపాలక సంఘం నుంచో నోటీసు వచ్చిందంటే, అంతవరకు ఎవరికీ పట్టని ఆ సంగతులన్నీ ఒక్కసారిగా కొత్త యజమాని పేరు మీదికి వచ్చి పడతాయి. తాను కట్టించని మెట్లకు, తాను మూయించని సందుకు, తాను లాగించని వైర్లకు లక్షల రూపాయలు ఎందుకు పెట్టాలన్నది అతని బాధ. ఈ తగవును సాధారణంగా వకీలుకో ఇంజనీరుకో అప్పగిస్తారు గాని, ఒకడు చేసినదాని ఫలం మరొకడికి చెందుతుందా, చెందితే ఎంత మేరకు చెందుతుందన్న ప్రశ్న మన తార్కికులు, ధర్మశాస్త్రకారులు శతాబ్దాలపాటు నలగ్గొట్టినదే.

పలమనేరు వంటి పట్టణంలో ఈ ప్రశ్నకు తనదైన రూపం ఉంది. చిత్తూరు నుంచి ముళబాగిలు మీదుగా కోలారు వైపు పోయే రహదారి, మదనపల్లె వైపు నుంచి కుప్పానికి పోయే రహదారి కలిసే ఈ ఊరు 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. బెంగళూరులో సంపాదించిన డబ్బుతో ఊళ్లో ఒక మిద్దె కొని బాడుగకు ఇవ్వడం ఇక్కడి మధ్యతరగతికి బాగా తెలిసిన పెట్టుబడి. అలా కొనే మిద్దె చాలావరకు ఒకే తీరున ఉంటుంది. రోడ్డు వైపు కింద అంగళ్లు, వాటి నడుమ సందులాంటి దారి, దారి చివర మెట్లు, మెట్ల కింద పై కాపురాల మీటర్లన్నీ వరసగా బిగించిన చెక్క పలక, ఆ పలకను ఆనుకుని ఒక జిరాక్సు యంత్రమో సెల్‌ఫోన్ రీచార్జి బల్లో ఉంటాయి. పైన రెండు అంతస్తుల్లో బాడుగ కాపురాలో, ఒక ట్యూషన్ కేంద్రమో నడుస్తుంది. కిటికీలకు దొంగల భయంతో కదలకుండా వెల్డింగ్ చేసిన ఇనుప గ్రిల్లులు, మిద్దె మీదికి పోయే తలుపుకు తాళం, ఆ తాళంచెవి పరవూళ్లో ఉన్న యజమాని దగ్గర. మెట్ల కింది జాగాకు కూడా నెలనెలా బాడుగ వస్తుంది గనుక దాన్ని ఖాళీగా వదలడం కొన్నవాడికి దండగగా తోస్తుంది.

చట్టం ఈ మిద్దెను చూసే చూపు కొంత విచిత్రమైనది. రాష్ట్రానికి 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించే జాతీయ భవన నిర్మాణ స్మృతి, అంటే కట్టడాలకు దేశమంతటా ఆదర్శంగా ఉండవలసిన నియమావళి, తొలిసారి 1970లో వచ్చి 2016లో తిరిగి సవరింపబడింది, దాని నాలుగో భాగమంతా అగ్ని నుంచి ప్రాణరక్షణ గురించే. వాడుకలో ఎన్‌ఓసీ అనే నిరభ్యంతర పత్రం, అంటే ఈ భవనంలో నిప్పు జాగ్రత్తలు సరిగా ఉన్నాయని శాఖ ఇచ్చే ఒప్పుదల, నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు నుంచి, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల నుంచి అవసరమవుతుంది. బడులు, సినిమాహాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనాస్థలాల వంటి జనం గుమిగూడే చోట్లకైతే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా కావలసిందే. మూడంతస్తుల పలమనేరు మిద్దె పది మీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కింద అంగళ్లు, పైన కాపురాలు ఉన్నంతకాలం దానికి పత్రం అడిగే నాథుడు లేడు. అదే పై అంతస్తును ఒక బడికి ఇచ్చిన రోజున ఆరు మీటర్ల నియమం వచ్చి తగులుతుంది, రెండో మెట్లదారి, నీటి తొట్టి, గొట్టాలు, సిలిండర్లు, మార్చవలసిన వైరింగు అంటూ జాబితా చేతికి వస్తుంది. గోడలు అవే, మెట్లు అవే. నిన్నటిదాకా తప్పు కానిది తెల్లారేసరికి తప్పయింది. కొత్త యజమాని కోపంలో కొంత న్యాయం ఉన్నది ఇక్కడే.

నిప్పు మాత్రం మీటర్లు కొలిచి అంటుకోదని ఈ ప్రాంతం కళ్లారా చూసింది. 2022 సెప్టెంబరులో చిత్తూరు పట్టణంలో పేపర్ ప్లేట్లు తయారుచేసే చోట మంటలు లేచి ముగ్గురు చనిపోయారు. అది జరిగిన కొద్ది రోజులకే, 25వ తేదీ తెల్లవారుజామున, రేణిగుంటలో కింద ఆసుపత్రి, పైన కాపురం ఉన్న భవనంలో ఒక వైద్యుడు, ఆయన ఇద్దరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిదిమంది, 2025 మే 18న చార్మినారు దగ్గరి గుల్జార్ హౌజ్‌లో కింద ముత్యాల అంగళ్లు, పైన కాపురం, లోపలికి ఒకే ఇరుకు దారి ఉన్న ఇంట్లో 17 మంది మరణించారు. ఇవేవీ ఆకాశాన్నంటే భవనాలు కావు, అన్నింటిలోనూ వ్యాపారం కిందా మనుషులు పైనా ఉన్నారు, లేదా రెండూ ఒకే కప్పు కింద కలిసిపోయాయి. ఇలాంటి చోట్ల మంట కంటే ముందు పొగ మనిషిని చేరుతుంది. కింద పుట్టిన పొగకు పైకి పోవడానికి మెట్లదారిని మించిన గొట్టం లేదు, పై కాపురంవాళ్లకు కిందికి రావడానికీ ఆ మెట్లు తప్ప మరో దారి లేదు.

ఇంత తెలిసినా, కొత్త యజమాని వాదానికి శాస్త్రంలో బలమైన ఆధారమే ఉందని ముందుగా ఒప్పుకోవాలి. భారతీయ దర్శనాలు కర్మసిద్ధాంతాన్ని నిలబెట్టేటప్పుడు రెండు దోషాలను తప్పించుకోవాలని పట్టుపట్టాయి. చేసిన పనికి ఫలం లేకుండా పోవడం కృతనాశం. చేయని పనికి ఫలం వచ్చి మీద పడడం అకృతాభ్యాగమం. ఈ రెండింటిలో ఏది జరిగినా లోకంలో న్యాయమన్నది నిలవదని నైయాయికులు, మీమాంసకులు, వేదాంతులు ఒకరినొకరు ఖండించుకునే సందర్భాల్లో కూడా కలిసి ఒప్పుకున్నారు. దీని ప్రకారం మెట్లను ఇరుకుగా కట్టించి నాలుగడుగుల జాగా మిగుల్చుకున్నవాడి పాపం వాడిదే. దాన్ని సొమ్ము పోసి కొన్నవాడికి అంటగట్టడం అకృతాభ్యాగమమే.

కాని ఈ కత్తికి రెండు వైపులా పదును ఉంది. కొత్త యజమాని చేయనిదాన్ని అతను అనుభవించకూడదంటే, బాడుగకు ఉన్నవాడు చేయనిదాన్ని బాడుగకు ఉన్నవాడూ అనుభవించకూడదు. మెట్లు కట్టింది అతనూ కాదు, వాటిని మార్చే అధికారం అతనికి అసలే లేదు. ఈ చిక్కు ఎదురైనప్పుడు కొందరు ప్రారబ్ధమనే మాటను ముందుకు తోస్తారు. అంటే పూర్వజన్మ కర్మలో ఈ జన్మలో అనుభవించక తప్పని భాగం, దాని ప్రకారం ఎవరికి ఎప్పుడు ఏది రాసి ఉందో అదే జరుగుతుందంటారు. ఈ మాట వాడకంలో ఒక మోసం దాగి ఉంది. ప్రారబ్ధం మనిషి తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి పనికొచ్చే ఆలోచన. తన చేతిలో ఉన్న తాళంచెవి వల్ల ఎదుటివాడికి రాబోయే కష్టాన్ని సమర్థించుకోవడానికి వాడినప్పుడు అది దర్శనం కాకుండా పోయి సాకుగా మిగులుతుంది. ఏ సంప్రదాయంలోని ఆచార్యుడూ ఆ సాకును అంగీకరించిన జాడ లేదు.

ఈ ముడిని విప్పే సూచన దర్శనాలలో కంటే వ్యవహారశాస్త్రంలో, అంటే అప్పులు, పంపకాలు, తగవులు తీర్చే శాస్త్రభాగంలో స్పష్టంగా దొరుకుతుంది. యాజ్ఞవల్క్యస్మృతి తండ్రి వదిలిపోయిన బాకీల గురించి చెబుతూ రిక్థగ్రాహి, అంటే ఆస్తిని తీసుకున్నవాడు, ఆస్తితోపాటు ఋణాన్ని కూడా తీర్చాలంటుంది. అదే స్మృతి కొన్ని బాకీలను మినహాయిస్తుంది: తండ్రి తాగుడుకు, జూదానికి చేసిన అప్పులు కొడుకు తీర్చనక్కర లేదు, తండ్రి కట్టకుండా మిగిల్చిన దండాన్ని, అంటే జరిమానాను, కొడుకు కట్టనక్కర లేదు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి రాసిన మితాక్షర దక్షిణాదిన శతాబ్దాలపాటు వారసత్వానికి ప్రమాణంగా నిలిచింది. 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేరుతో పద్యాల్లో తెనిగించాడు. దండం ఎందుకు సంక్రమించదు, ఋణం ఎందుకు సంక్రమిస్తుందని ఆలోచిస్తే ఈ విభజన లోతు తెలుస్తుంది. దండం చేసినవాడి బుద్ధికి వేసే శిక్ష, వాడు పోతే శిక్షించవలసిన బుద్ధి కూడా పోయినట్టే. ఋణం అవతలి మనిషికి చేరవలసిన సొత్తు. ఇవ్వవలసినవాడు మారినంత మాత్రాన పుచ్చుకోవలసినవాడి లోటు తీరదు.

మిద్దె విషయంలో ఈ గీతను సరైన చోట గీస్తే కొత్త యజమాని వాదం సగం గెలుస్తుంది, సగం ఓడిపోతుంది. పాత యజమాని అనుమతి లేకుండా కట్టినందుకు పడే శిక్ష, అతని దురుద్దేశానికి వచ్చే చెడ్డపేరు దండం జాతికి చెందినవి, అవి కొన్నవాడికి నైతికంగా అంటవు. పై అంతస్తులో పడుకునేవాడికి రావలసిన రెండో దారి మాత్రం ఋణం జాతిది. ఆ దారి కట్టినవాడు బాకీపడ్డాడు, ఇల్లు ఎవరి చేతిలో ఉంటే బాకీ వారి దగ్గర ఉంటుంది. పురపాలక సంఘం పంపే నోటీసులో ఈ రెండూ ఒకే మొత్తంగా కలిసి వస్తాయి గనుకే మనసు మొత్తాన్నీ ఒకేలా తిరస్కరిస్తుంది.

కొన్నవాడు రిక్థగ్రాహి కాడు కదా, అతను ఉచితంగా తీసుకోలేదు, పూర్తి వెల ఇచ్చాడు కదా అన్న ఆక్షేపణ ఇక్కడ తప్పక వస్తుంది. వెల ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ వెలకు బదులుగా అతను పొందినది గోడలతోపాటు నెలనెలా వచ్చే బాడుగ. ఆ బాడుగలో మెట్ల కింది జిరాక్సు అంగడిది కూడా ఉంది. మెట్లదారిని సగం మూసిన ఆ బల్ల ఎప్పుడో ఒకసారి జరిగిపోయిన పాత తప్పు అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ప్రతి నెలా మొదటి వారంలో దాని మీద బాడుగ పుచ్చుకున్నప్పుడల్లా ఆ తప్పు కొత్తగా జరుగుతుంది, పుచ్చుకున్న చెయ్యి కొత్త యజమానిది. పాతవాడి తప్పు కట్టిన రోజుతో పుడితే, కొత్తవాడి పాలు మొదటి బాడుగ రసీదుతో పుడుతుంది. 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం ఇస్లామీయ వ్యవహార ధర్మాన్ని క్రోడీకరించిన మెజెల్లేలో దీనికి చక్కని జోడీ సూత్రాలు కనిపిస్తాయి: ఎంతో కాలంగా ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనివ్వాలని ఆరో అధికరణం చెబితే, హానికి మాత్రం పాతదనే హక్కు ఏనాటికీ రాదని ఏడో అధికరణం వెంటనే దాన్ని అడ్డుకుంటుంది. అనాదిగా ఇలాగే ఉంది అని పురపాలక కార్యాలయంలో వినబడే జవాబుకు ఇంతకంటే క్లుప్తమైన ఖండన కనిపించదు.

యజమాని, బాడుగదారు ఇద్దరూ ఒకే నిప్పు ముందు నిలబడినప్పుడు ఎవరి పాలెంత అన్నదానికి ఏకంగా అంకెలు వేసి చెప్పిన గ్రంథం మనకు ఉంది. 1909లో మైసూరులో శామశాస్త్రి ప్రచురించిన కౌటిలీయ అర్థశాస్త్రం రెండో అధికరణంలో నగరాన్ని చూసుకునే అధికారి విధుల కింద అగ్ని నియమాలు వివరంగా ఉన్నాయి. వేసవిలో పగటి నడిమి భాగాల్లో ఇంట్లో నిప్పు రాజేయకూడదు, వంట బయట చేసుకోవచ్చు. ప్రతి ఇంట్లో నీళ్ల కుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొంకి, కప్పు గడ్డి లాగే పనిముట్టు, తోలుసంచి ఉండాలి, లేకపోతే కాలు పణం దండం. మంట లేచినప్పుడు ఆర్పడానికి పరుగెత్తని గృహస్వామికి పన్నెండు పణాలు, అవక్రయికి, అంటే బాడుగకు ఉన్నవాడికి, ఆరు పణాలు. అజాగ్రత్త వల్ల నిప్పు అంటించినవాడికి యాభైనాలుగు పణాలు. ఈ గ్రంథం దయాధర్మాల గురించి పెద్దగా మాట్లాడదు, దాని చూపంతా రాజ్యం నిలవడం మీద. అటువంటి గ్రంథం కూడా యజమానికి రెండింతలు వేయడం గమనించదగ్గది. బాడుగదారుకు ఆరు పణాలు ఉన్నాయి గనుక అతను పూర్తిగా నిర్దోషి కాడు, మెట్లమీద స్కూటరు, ఖాళీ గ్యాసు సిలిండరు, పాత పరుపు పెట్టేది చాలాసార్లు అతనే. అయినా కట్టడాన్ని మార్చే అధికారం ఎవరికుందో వాడికే ఎక్కువ భారం అన్న లెక్క ఆ అంకెల వెనుక ఉంది. ఎవరు కట్టారన్న ప్రశ్న ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

తెలియకపోవడం వల్ల దోషం తగ్గుతుందా అన్నది తరువాతి చిక్కు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం దీన్ని రెండు మెట్లలో చూస్తుంది. అమ్మేవాడు తనకు తెలిసి, మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనబడని ముఖ్యమైన లోపాన్ని దాచకూడదని 55వ సెక్షను చెబుతుంది. ఇల్లు ఏ పనికోసం తీసుకుంటున్నాడో ఆ పనికి అడ్డొచ్చే అలాంటి లోపాన్ని బాడుగకు ఇచ్చేవాడు వచ్చేవాడికి చెప్పాలని 108వ సెక్షను అంటుంది. నోటీసు అందేదాకా కొత్త యజమాని ఈ రెండింటిలో మొదటిదాని రక్షణ కోరవచ్చు, కోరి పాత యజమానిని నిలదీయవచ్చు. నోటీసు అందిన ఘడియ నుంచి అతను రెండోదాని బాధ్యుడవుతాడు, ఎందుకంటే ఇప్పుడు అతనికి తెలుసు. 19వ శతాబ్దిలోనే ఆర్కాట్ మిషన్ అడుగుపెట్టిన పలమనేరులో బైబిలు చదివే కుటుంబాలకు ఇదే ఆలోచన నిర్గమకాండములో పరిచితం: పొడిచే ఎద్దు పొడిస్తే ఎద్దుదే తప్పు, అది పొడుస్తుందని ముందే హెచ్చరించినా కట్టేయని యజమాని తప్పు వేరు, దాని శిక్ష చాలా పెద్దది. ద్వితీయోపదేశకాండములో ఇంకా సూటిగా, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టించాలని, లేకపోతే ఎవరైనా పడిపోతే హత్యదోషం ఇంటి మీదికి వస్తుందని ఉంది. మనిషి చచ్చిన దోషం ఇంటి మీదికి రావడమన్న ఊహ వాస్తుశాంతి చేయించుకునే హిందూ గృహస్థుకు కూడా వింతగా తోచదు.

తెలిసినవాడు, తెలియనివాడు అన్న భేదం ఎంత భయంకరమైనదో మహాభారతం ఆదిపర్వంలోని లక్కయిల్లు చెబుతుంది, కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఆగని చోట. పాండవులను కాల్చడానికి పురోచనుడు వారణావతంలో కట్టించిన ఆ ఇంట్లో నెయ్యి, కొవ్వు, లక్క కలిసిన వాసనను ధర్మరాజు అడుగుపెట్టగానే పసిగట్టాడు, విదురుడు పంపినవాడు లోపలి నుంచి బిలం తవ్వాడు, దాని నోరు పాండవులకు మాత్రమే తెలుసు. కుంతి పెట్టిన విందుకు వచ్చి తాగి నిద్రపోయిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు భీముడు నిప్పంటించిన రాత్రి అందులో కాలిపోయారు, వారి శవాలే పాండవుల శవాలుగా లోకం నమ్మడానికి పనికొచ్చాయి. ఇల్లు కట్టింది పాండవులు కాదు, దురుద్దేశం దుర్యోధనుడిది, పాండవులు ప్రాణభయంలో ఉన్నారు. ఇవన్నీ ఒప్పుకున్నా బయటికి దారి తెలిసినవాళ్లు బతికారు, తెలియనివాళ్లు చచ్చారు అన్న సంగతి కథలో నుంచి తుడిచిపెట్టలేనిది. మిద్దె మీది తలుపు తాళంచెవి ఒక్కడి జేబులో ఉన్న ఇల్లు ఆ బిలమున్న ఇంటికి ఎంత దూరమో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు.

ఇక డబ్బు కట్టి దోషం పోగొట్టుకోవడమన్న మార్గం. అనుమతి లేని కట్టడాలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే బిల్డింగ్ పీనలైజేషన్ పథకాన్ని ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర, ఆంధ్రప్రదేశ్‌లో 2015లో, మళ్లీ 2019లో తెచ్చారు. ఇందులో ఎక్కువగా క్రమబద్ధమయ్యేది పక్కఖాళీ ఉల్లంఘన. రెండు ఇళ్ల మధ్య, ఇంటికీ ప్రహరీకీ మధ్య వదలవలసిన ఆ జాగా గాలికీ వెలుతురుకూ ఎంత అవసరమో, ఒక ఇంటి మంట పక్క ఇంటికి పాకకుండా ఆపడానికీ నిచ్చెన ఆనించడానికీ అంతే అవసరం. రుసుము కట్టి రసీదు తెచ్చుకున్న యజమాని ఇక తన ఇల్లు శుద్ధమైందని భావిస్తాడు. యాజ్ఞవల్క్యుడు ప్రాయశ్చిత్తం గురించి, అంటే తప్పు చేసినవాడు దాని నుంచి బయటపడటానికి విధించుకునే క్రియ గురించి, చేసిన ఒక సూక్ష్మ భేదం ఈ రసీదుకు అచ్చంగా సరిపోతుంది. తెలియక చేసిన పాపాన్ని ప్రాయశ్చిత్తం తొలగిస్తుంది. తెలిసి చేసినదానికి మాత్రం దాని వల్ల వ్యవహార్యత్వమే వస్తుంది, అంటే మళ్లీ నలుగురితో కలిసి వ్యవహరించడానికి అర్హత వస్తుంది, పాపం అలాగే ఉంటుంది. క్రమబద్ధీకరణ రసీదు ఇచ్చేది సరిగ్గా ఈ వ్యవహార్యత్వమే: దానితో బ్యాంకు అప్పు ఇస్తుంది, రిజిస్ట్రారు ఆఫీసులో పని జరుగుతుంది, ఇల్లు అమ్ముడుపోతుంది. రెండడుగుల సందు రెండడుగులుగానే ఉంటుంది.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాల్లో 59 మంది చనిపోయిన కేసులో ఇదే ప్రశ్న దేశం ముందుకు వచ్చింది. కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లేచిన పొగ పైకి వస్తే, బాల్కనీలో అదనపు సీట్ల కోసం నడకదారిని మూసేయడంతో జనం బయటపడలేకపోయారు. 2015లో సుప్రీంకోర్టు యజమానులైన సోదరులు చెరి 30 కోట్లు కడితే మిగిలిన జైలుశిక్ష అవసరం లేదన్నప్పుడు చనిపోయినవారి బంధువులు దాన్ని అంగీకరించలేకపోయారు. 2017లో పునఃసమీక్షలో వారిలో ఒకరు జైలుకు వెళ్లవలసి వచ్చింది. ఆ బంధువుల అసమ్మతిని కక్ష అనుకోవడం తొందరపాటు. చెల్లించినది వ్యవహార్యత్వపు వెల అని, తమ లోటుతో దానికి సంబంధం లేదని వారు గ్రహించారు.

దోషం ఇంటిలో ఉందని నమ్మడానికి, దాని కోసం గోడలు పగలగొట్టడానికి రాయలసీమ గృహస్థు వెనకాడడు. ఈశాన్యంలో బరువు ఉందంటే తొట్టి కూల్చేస్తారు, వంటిల్లు ఆగ్నేయానికి మారుస్తారు, వాకిలి నడిమి నుంచి జరుపుతారు; సిద్ధాంతి చెప్పిన మార్పుకు ఎంతయిందని ఎవరూ బేరమాడరు. ఆ పనులు చేయించే మేస్త్రీనే మరో మెట్లదారి కట్టమంటే అంత డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. ఇది డబ్బు లేక వచ్చిన ప్రశ్న కాదని స్పష్టమే. వేదం అగ్నిని గృహపతి అని, ఇంటికి యజమాని అని పిలుస్తుంది. ఆ యజమానికి ఆగ్నేయ మూల ఇచ్చి, బయటికి పోయే దారిని మరచిపోవడం వింతే.

డబ్బు నిజంగా లేని యజమానులూ ఉన్నారు, వారికి మీమాంసకులు తమ సూత్రగ్రంథం ఆరో అధ్యాయంలో ఒక దారి చూపారు. నిత్యకర్మ, అంటే ఫలం కోరకుండా బతికి ఉన్నంతకాలం చేయవలసిన అగ్నిహోత్రం వంటిది, యథాశక్తిగా చేయవచ్చు. కొన్ని అంగాలు కుదరకపోయినా ప్రధానం జరిగితే కర్మ జరిగినట్టే. కామ్యకర్మ, అంటే ఫలం కోరి చేసేది, సాంగోపాంగంగా జరిగితేనే ఫలమిస్తుంది. బడికి ఎన్‌ఓసీ కావాలి గనుక నిప్పు జాగ్రత్తలు చేయించేవాడు దాన్ని కామ్యంగా చూస్తున్నాడు, అందుకే జాబితా అంతా కుదరదనిపిస్తే పూర్తిగా మానేస్తాడు. నిత్యంగా చూసేవాడికి ఏది ప్రధానం, ఏది అంగం అన్న ప్రశ్న మొదట వస్తుంది. నిద్రలో ఉన్న మనిషి బయటపడడం ప్రధానం. ఎర్ర సిలిండరు, బోర్డులు, అలారం అంగాలు. ప్రధానానికి చెందిన పనుల్లో కొన్నింటికి ఖర్చే లేదు: మెట్ల కింది అంగడిని లేపడం, మిద్దె మీది తలుపుకు లోపలి నుంచి తీసే గడియ పెట్టడం, తాళంచెవి పై కాపురంవాళ్లకు ఇవ్వడం. ప్రతి అంతస్తులో ఒక గ్రిల్లుకు కీలు పెట్టి లోపల నుంచి తెరుచుకునేలా చేయడానికి వెల్డింగ్ అంగట్లో ఒక పూట పని. మీటర్ల పలకను మెట్ల కింద నుంచి బయటి గోడకు మార్చడానికి, పాత అల్యూమినియం వైర్లు తీసి రాగి వైర్లు లాగించడానికి కొంత అవుతుంది. ఇంటి మెట్లు కనీసం ఒక మీటరు, బడి మెట్లు మీటరున్నర వెడల్పుండాలన్న జాతీయ స్మృతి కొలతలు అందుకోవడానికి, రెండో మెట్లు కట్టడానికి మాత్రం కొన్నేళ్ల బాడుగ పోతుంది. అది కుదిరేదాకా పై అంతస్తును బడికి ఇవ్వకపోవడం యథాశక్తి అన్న మాటలోనే ఉంది.

ఈ ఖర్చును బాడుగ పెంచి రాబట్టుకోవచ్చా అన్నదానికి జవాబు ఋణం, దండం విభజనలోనే ఉంది. దండం వాటా బాడుగదారు మీద వేయడం అన్యాయం, ఋణం వాటా వేయడం మరీ అన్యాయం, ఎందుకంటే ఆ బాకీ రావలసినది అతనికే. యజమాని కట్టుబడి ఉన్న మరమ్మతు చెప్పినా చేయకపోతే బాడుగదారే చేయించుకుని బాడుగలో వడ్డీతో సహా పట్టుకోవచ్చని 108వ సెక్షను ఇచ్చిన హక్కు కూడా ఇదే దిశలో నడుస్తుంది. బాగైన ఇంటికి మార్కెట్లో ఎక్కువ బాడుగ పలికితే అది వేరే సంగతి.

ఈ యజమాని కూడా ఒకనాడు అమ్ముకుంటాడు. అప్పటికి అతనికి అన్నీ తెలుసు గనుక 55వ సెక్షను అతని మీదే పనిచేస్తుంది. చెప్పకుండా అమ్మితే తాను ఎవరి మీద కోపగించుకున్నాడో వారి స్థానంలోకి తానే వెళ్తాడు. చెప్పి అమ్మితే ధరలో తగ్గేది, ముందే బాగుచేయిస్తే అయ్యేది దాదాపు ఒకటే కావచ్చు. ముందే బాగుచేయిస్తే అమ్మకం కుదిరేదాకా గడిచే ఏళ్లలో పైన పడుకునేవాళ్లకు ఆ మెట్లు ఉంటాయి.